పట్టూ విడుపూ

మా కారు ఇరవై రెండు నెలలు కదలకుండా నిలబడి ఉంది. 2020 ఫిబ్రవరి ఆఖరున మేనకోడలి పెళ్లికని ఆరు వారాల సెలవు పెట్టి తెనాలి బయల్దేరాం. వెర్రిబీలో మా ఇంటి ముందు నేల కాస్త వాలు. "ఇల్లూ కారూ భద్రం చేసుకుని రండిరా" అని అమ్మ ఫోనులో మరీ మరీ చెప్పింది. అందుకని హ్యాండు బ్రేకు ఎప్పటికన్నా రెండు పళ్లు ఎక్కువే లాగాం.

మార్చి 20న ఆస్ట్రేలియా సరిహద్దు మూసుకుంది. వెంటనే ఇండియా విమానాలూ ఆగాయి. తరువాత మన పౌరులనైనా వారానికి ఇంతమందే రావాలని లెక్క పెట్టారు. ఎలాగో టిక్కెట్టు సంపాదిస్తే, 2021 ఏప్రిల్ ఆఖరున ఇండియా నుంచి వచ్చే విమానాలనే మే 15 దాకా ఆపేశారు. జూన్‌లో అమ్మ పోయింది.

డిసెంబరులో తిరిగొచ్చి కొత్త బ్యాటరీ వేశాం. ఇంజను పలికింది. గేరు వేస్తే కారు వెనక భాగం చతికిలబడిందే గాని చక్రం తిరగలేదు. తాడు కట్టి లాగుదామంటే పక్కింటి పెద్దాయన వద్దన్నాడు. ఆయన రిటైరైన మెకానిక్కు. వెనక చక్రాల్లో ఉండేది ఇనుప డ్రమ్ము. చెమ్మకు తుప్పు పట్టి బ్రేకు షూ దాన్ని కరుచుకుంటుంది. బలవంతాన లాగితే లైనింగు ఊడి లోపలే ఇరుక్కుంటుందట. పోనీ నూనె పోద్దామన్నాం. కేకలేశాడు. లైనింగుకు నూనె తగిలితే ఇక బ్రేకు పట్టదు.

ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, హ్యాండు బ్రేకు వదిలి, వెనక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు విప్పాం. డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా కొడుతూ పోతే అరగంటకు టక్కుమని ఊడింది. రెండోదానికి వెనక చిన్న రంధ్రం గుండా అడ్జస్టరు వదులు చేయాల్సి వచ్చింది. లోపలి దుమ్ము మాత్రం ఊదనివ్వలేదు, తడిగుడ్డతో తీయించాడు. ఆస్బెస్టాస్‌ను ఇక్కడ 2003 చివర నిషేధించినా, పాత బండ్ల లైనింగుల్లో ఇంకా ఉండవచ్చు. తరువాత వర్కుషాపులో షూలు మార్చారు. బ్రేకు ఆయిలు ఏళ్ల తరబడి చెమ్మ పీల్చుకుంటుందని అదీ మార్చారు.

డ్రమ్ము ఊడిన చప్పుడుకు మేమిద్దరం అక్కడే నేల మీద కూర్చుండిపోయాం. ఇరవై రెండు నెలలూ "వదలరేం" అని సరిహద్దును తిట్టుకున్నాం. ఆరు వారాలకే వదిలి ఉంటే, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునే భాగ్యం మాకు ఉండేది కాదు. మన సంఘంలోనే ఎందరో ఫోను తెర మీద చివరిచూపు చూసుకున్నారు. వారిముందు మేము ఆ మూసివేతను మెచ్చుకోలేం, మా మనసులో మేము తిట్టుకోనూలేం.

సెలవులకు వెళ్లే సభ్యులకు ఒక మాట. బండి సమతలం మీద పెట్టి, గేరులో ఉంచి, చక్రాలకు చెక్కలు అడ్డం వేయండి. హ్యాండు బ్రేకు లాగకండి. తాళం చెవి పక్కింటివారికిచ్చి అప్పుడప్పుడు కదిలించమనండి. ఈసారి మేమూ అలాగే చేస్తాం. భద్రం చేసుకుని రండిరా అనే ఫోనే ఇక రాదు.