యాబది దాటిన వ్రేళ్ళు



మీ యింటిలో ఎవరును ముట్టని గిటారు ఒకటి గోడకు వ్రేలాడుచున్నదా? ఈ దినములలో అనేక యిండ్లలో అట్టిది కనబడుచున్నది. పిల్లలు కాలేజీలో చేరిన సంవత్సరము కొనిరి, మూడు నెలలు మ్రోగించిరి, తరువాత ఉద్యోగములకు పోయిరి. దుమ్ము పట్టిన ఆ వాద్యమును చూచి, ఇంత వయస్సు వచ్చిన తరువాత మనకిది ఎక్కడ అబ్బునని మీరు అనుకొనియుందురు. ఆ మాటలో నిజమెంతయో కొంత చెప్పగలను. నాకిప్పుడు 54 ఏండ్లు. గిటారు పట్టి 14 నెలలైనది.

ఎందుకు పట్టితినో ముందు చెప్పవలెను, ఏలయనగా ఊరక సరదాకు పట్టినవాడు వ్రేళ్ళు మండిన రెండవ వారమునందే దానిని విడిచిపెట్టును. మా సంఘములో మంచము దిగి గుడికి రాలేనివారి యిండ్లు తొమ్మిది యున్నవి. వారమునకు మూడిండ్ల చొప్పున పోయి, ప్రార్థన చేసి, ఒక కీర్తన పాడి వచ్చుట నా పని. మా హార్మోనియము వాయించు పెద్దాయన ఇరువది యేండ్లు నాతోకూడ వచ్చెడివారు. వారు కుమారునియొద్ద ఉండుటకు హైదరాబాదు వెళ్ళిపోయిరి. హార్మోనియము పెట్టెతో కలిపి 14 కిలోలు. కాలువ గట్టు మీద మోటారు సైకిలుపై దానిని ఒంటరిగా మోసికొనిపోవుట ఎట్లో మీరే ఊహించుకొనుడి. గిటారు రెండు కిలోలు తూగును. వీపున తగిలించుకొనిన యెడల రెండు చేతులును బండికి మిగులును. మొదటి కారణము ఇంతే. ఇందులో గొప్ప పిలుపేదియు లేదు.

రెండవ కారణము ఆ తొమ్మిది యిండ్లలో ఒకటి. అక్కడ ఒక టీచరమ్మగారున్నారు. జీవితమంతయు పిల్లలచేత అక్షరములు దిద్దించిన ఆమెకు పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. వాటితోకూడ మాటయు పోయినది. మంచినీళ్ళు కావలెనన్నను ఆ మాట నోటికి రాదు. అయితే ఒక మధ్యాహ్నము నేను కీర్తన ఎత్తుకొనగా, రెండవ చరణము ఆమె పదములతో సహా పాడిరి. కోడలు చేతిలోని గిన్నె అట్లే పట్టుకొని నిలిచిపోయినది. చదువరీ, వైద్యులకు ఇది క్రొత్త సంగతి కాదు. మాటలాడు శక్తి చాలమందికి మెదడు యొక్క ఎడమ భాగమును ఆనుకొని యుండును. పాటలోనైతే కుడి భాగమునకును పాలున్నది. ఎడమ ప్రక్క దెబ్బ తిని మాట పోయిన కొందరు పాడగలుగుట చాలకాలముగా చూచుచున్నదే. 1973లో బోస్టను నగరమందలి పరిశోధకులు దీని ఆధారముగానే చిన్న చిన్న వాక్యములను రాగయుక్తముగా పలికించి మరల మాట నేర్పు పద్ధతినొకదానిని ప్రకటించిరి. నేను వైద్యుడను కాను, నావలన ఆమెకు మాట వచ్చునని చెప్పుట లేదు. నేను చూచినది ఒక్కటే: వట్టి గొంతుతో పాడినప్పుడు ఆమె సగములో తడబడి ఆగిపోవుచుండిరి, క్రింద శ్రుతి పలుకుచున్నప్పుడు చివరివరకు వచ్చుచుండిరి.

ఇక నా గురువును గూర్చి. అతనికి ఇరువది యేండ్లు, పాలిటెక్నిక్ చదివినాడు. బాప్తిస్మమునకు ముందు నేను జరిపించు తరగతిలో అతడు ఆరు నెలలు కూర్చుండి పట్టుమని పది మాటలు పలుకలేదు. ఆ పిల్లవాడే గిటారు నా ఒడిలో పెట్టిన గడియనుండి వేరొక మనిషి ఆయెను. "అయ్యగారూ, భుజం వదులు చేయండి." "అయ్యగారూ, బొటనవేలు మెడ వెనకాల ఉండాలండి, పైకి రాకూడదు." నేను తరువాతి పాఠము అడిగిన ప్రతిసారియు, "ఇంకా లేదండి" అనెడివాడు. ముప్పది యేండ్లుగా ఎదుట కూర్చున్నవారికి చెప్పుటయే నా వృత్తి. చెప్పించుకొనుటకు కూర్చుండుట వ్రేళ్ళ నొప్పికంటె కష్టమని నాకు తోచినది. సెమినరీలో హెబ్రీ అక్షరములు దిద్దిన ఇరువది మూడవ యేట నాకు ఇట్టి కష్టము లేదు. అప్పుడు నా ప్రక్కవాడును తెలియనివాడే.

వ్రేళ్ళ సంగతి. ఇనుప తీగలు ఆరింటిని సరియైన శ్రుతికి బిగించిన తరువాత అన్నియు కలిసి ఆ చెక్కను సుమారు 70 కిలోల బరువుతో లాగుచుండును. అందులో ఒక తీగను మెత్తని వ్రేలికొనతో మెట్టుకు అదిమి పెట్టవలెను. మొదటి మూడు వారములు నేను కాఫీ గ్లాసు ఎడమచేత పట్టుకొనలేదు. తరువాత చర్మము గట్టిపడును. నొప్పికి తాళలేనివారు నైలాను తీగల గిటారు తీసికొనవచ్చును. పూర్వము వాటికి జంతువుల ప్రేవులతో చేసిన తంతులుండెడివి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అవి దొరకక, న్యూయార్కులో ఆల్బర్ట్ ఆగస్టీన్ అను పనివాడు నైలానుతో ప్రయత్నము చేయగా, స్పెయిను దేశపు ప్రసిద్ధ విద్వాంసుడు ఆండ్రెస్ సెగోవియా వాటిని ఆదరించెను. నాకు తెలిసినంతలో ముసలి వ్రేళ్ళకు యుద్ధమువలన కలిగిన మేలు ఇదొక్కటే.

మెట్ల అమరికను కూడ ఒకసారి పరికించుడి. పైనుండి క్రిందికి వచ్చుకొలది అవి దగ్గరగును. ప్రతి మెట్టు మిగిలిన తీగ పొడవులో ఇంచుమించు పదునెనిమిదవ వంతును కోసివేయును. పండ్రెండవ మెట్టుకు వచ్చునప్పటికి తీగ సరిగా సగమగును, అదే స్వరము పై స్థాయిలో పలుకును. ఈ పదునెనిమిది పదునేడుల లెక్కను 1581లో తన గ్రంథమున వ్రాసిన విన్సెంజో గెలీలీ, దుర్భిణితో ఆకాశమును చూచిన గెలీలియోకు తండ్రి. పిల్లవానికి ఈ సంగతి చెప్పితిని. "అలాగా అండి, ఇప్పుడు జి కార్డు పట్టండి" అనెను.

మూడు నాలుగు స్వరములు ఒక్క మీటుతో కలిసి పలుకునట్లు వ్రేళ్ళు పెట్టుటను కార్డు అందురు. ఒక కార్డు పట్టుట పెద్ద పని కాదు. ఒకదానినుండి మరియొకదానికి తాళము తప్పకుండ మారుటలోనే మనుష్యుడు అలసిపోవును. డి నుండి ఏ కు, మరల డి కి, నిమిషమునకు ఎన్ని మార్పులో గడియారము పెట్టి లెక్కింపుమని గురువు చెప్పెను. మొదటి దినమున ఎనిమిది. నాలుగు నెలలకు నలుబది. "తొందరపడొద్దండి అయ్యగారూ, వేగం దానంతట అదే వస్తుంది" అని అతడెన్నిసార్లు చెప్పెనో! దినమునకు పదునైదు నిమిషములు విడువక చేసినది, ఆదివారము సాయంత్రము రెండు గంటలు చేసినదానికంటె ఎక్కువ నిలుచుట నేను లెక్క వ్రాసికొని చూచితిని.

పిల్లలకు త్వరగా వచ్చుననుట వట్టి మాట కాదు. తీగవాద్యములు వాయించువారి మెదడులో ఎడమచేతి వ్రేళ్ళకు కేటాయింపబడిన స్థలము ఇతరులకంటె పెద్దదనియు, చిన్నతనమున ఆరంభించినవారిలో ఆ తేడా మరింత ఎక్కువనియు 1995లో సైన్స్ పత్రికలో ప్రచురింపబడినది. అయినను తలుపు మూసికొనిపోవునని ఎవరును అనలేదు. గ్యారీ మార్కస్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నలుబదవ యేడు సమీపించుచుండగా గిటారు మొదలుపెట్టి ఆ అనుభవమును 2012లో ఒక గ్రంథముగా ప్రచురించెను. నాకైతే వేరొకటి తోచుచున్నది. పెద్దవాని చెవి అతని చేతికంటె ముప్పది యేండ్లు ముందు నడచును. మంచి వాద్యము ఎట్లుండునో మనము ఆసరికే వినియున్నాము. కావున మన వ్రేళ్ళక్రింద తీగ గరగరలాడిన ప్రతిసారియు మనకే ముందు వినబడును. పసివాడు ఆ గరగరనే పాటయనుకొని సంతోషించి పదిసార్లు వాయించును. ఆ పదిసార్లే అతనికి విద్య.

సంఘములో ఒక పెద్దమనిషికి ఇది నచ్చలేదు. "ఈ వయస్సులో మీకీ సినిమా వాద్యం ఏమిటండి అయ్యగారూ? చక్కగా హార్మోనియం ఉండగా!" అనిరి. వారి బాధ నాకు అర్థమైనది. అయితే హార్మోనియము కూడ 1840వ దశకమున పారిసు పనివారి చేతిలో రూపు దిద్దుకొని, కలకత్తాలో చేతితో ఊదు పెట్టెగా మారి మనకు వచ్చినదే. మన సంగీతమునకు తగదని 1940లో ఆలిండియా రేడియో దానిని వెలివేయగా, 1971లో గాని ఆ ఆజ్ఞ సడలలేదు. అనగా ఒకనాడు దానినిగూర్చియు పెద్దమనుష్యులు ఇట్లే అనిరి. గిటారు అను పేరు గ్రీకువారి కితారా నుండి వచ్చినది. దానియేలు గ్రంథము మూడవ అధ్యాయములో, బబులోను రాజు ప్రతిమయెదుట మ్రోగిన వాద్యములలో ఒకదానికి ఆ గ్రీకు పేరే అరామిక్ అక్షరములలో కనబడుచున్నది. ఇంతవరకు ఆయనకు చెప్పలేదు. చెప్పియుంటే, చూచితిరా, విగ్రహమునకు వాయించినదేనని వారు అనియుందురు!

నన్ను నిజముగా కలవరపెట్టినది మరియొకటి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. కీర్తనకు పైన రాగమును తాళమును అచ్చువేయబడి యుండును. పురుషోత్తమ చౌదరి గారివంటి వారు మన రాగములలో కట్టిన పాటలవి. శంకరాభరణ రాగపు కీర్తనలు డి, జి, ఏ అను మూడు కార్డులమీద సుఖముగా కూర్చుండును, ఆ రాగపు స్వరములును పాశ్చాత్యుల మేజరు స్వరములును ఒకటే గనుక. మాయామాళవగౌళ వచ్చినప్పుడు చిక్కు. డి వరకు బాగుగనే యుండును. ఏ కార్డు మీటగానే గొంతులో ఒక రిషభము, తీగలో మరియొక రిషభము. జి కార్డులో ధైవతమును అంతే. చెవి గల ముసలివారు వెంటనే నుదురు ముడుచుకొందురు. గమకముల మాట చెప్పనే అక్కరలేదు. వీణ మెట్లమీద తీగను ప్రక్కకు లాగినట్లు కార్డు పట్టిన చేయి లాగలేదు.

గురువు జూన్ నెలలో ఉద్యోగమునకు హైదరాబాదు వెళ్ళెను. పోవుచు ఒక జత క్రొత్త తీగలు ఇచ్చి, వానకాలమున తుప్పు పట్టును గనుక వాయించిన పిమ్మట పొడిగుడ్డతో తుడువుమని చెప్పిపోయెను.

టీచరమ్మగారి యింటికి మంగళవారములు పోవుచున్నాను. ఆమె గొంతుకు సరిపడునట్లు రెండవ మెట్టు మీద కేపో బిగించి డి కార్డు మీటుదును. ఆమె ఎడమచేయి మంచపు పట్టెమీద తాళము వేయును. నేను కార్డు మార్చుటలో వెనుకబడిన యెడల ఆ చేయి ఆగి, నేను అందుకొనువరకు కనిపెట్టి, తిరిగి సాగును. ఆమెయు ఎడమచేత అక్షరములు వ్రాయుట నేర్చుకొనుచున్నారు. కోడలు తెచ్చిన పలకమీద అ, ఆ లు వంకరటింకరగా ఉన్నవి. గత వారము ఆమె అదే చేతితో కీర్తనల పుస్తకపు పుటలు త్రిప్పి త్రిప్పి ఒకచోట వ్రేలు పెట్టి నావైపు చూచిరి. పైన మాయామాళవగౌళ అని యున్నది.

ఇంటికి వచ్చి హైదరాబాదునకు ఫోను చేసితిని. "అయితే కార్డులు వదిలేయండి అయ్యగారూ. పాటని ఒక్క తీగ మీదే వాయించండి, ముందు పల్లవి వరకే" అని గురువు చెప్పెను. మూడవ తీగమీద పల్లవి సగము వచ్చినది. మంగళవారమునకు ఇంక నాలుగు దినములున్నవి.