పరాయి కొలబద్ద

పాలకుడు ఓడనెక్కి వెళ్లిపోవచ్చును. అతడు నేర్పిన కొలబద్ద మాత్రం పాలితుని చేతిలోనే మిగిలిపోతుంది. ఆధునిక చైనా నగరాల చరిత్రను చదువుతున్నప్పుడు మాకు స్ఫురించిన సత్యమిది.

1842లో నల్లమందు యుద్ధం నాన్‌కింగ్ సంధితో ముగిసింది. మరుసటి సంవత్సరమే షాంఘై రేవు విదేశీ వర్తకులకు తెరవబడింది. క్రమంగా హువాంగ్‌పు నదీతీరాన ఐరోపా తరహా బ్యాంకులు, హోటళ్లు వెలిశాయి. 1868లో అక్కడొక ఉద్యానవనం ఏర్పడింది. పన్నులు చెల్లిస్తున్న చైనీయులకు సైతం 1928 వరకు అందులో ప్రవేశం లేదు. కుక్కలను, చైనీయులను ఒకే వాక్యంలో నిషేధించిన ఫలకం అక్కడ ఉండేదని ప్రతీతి. నిజానికి నియమావళిలో ఆ రెండూ వేర్వేరు అంశాలు. వేర్వేరుగా వ్రాసినంత మాత్రాన అవమానం తగ్గునా?

ఈ చరిత్రతో మన దేశానికి సంబంధం లేకపోలేదు. షాంఘై విదేశీ వాడలో ఆంగ్లేయుల కొలువున సిక్కు పోలీసులుండేవారు. 1925 మే 30న నాన్‌కింగ్ రోడ్డులో ఆంగ్లేయ అధికారి ఆజ్ఞపై నిరసనకారుల మీద కాల్పులు జరిపిన వారిలో చైనీయ పోలీసులతోపాటు వారూ ఉన్నారు. ఒక బానిస చేత మరొక బానిసను కొట్టించడమే సామ్రాజ్యాల నేర్పు.

1898లో యెన్ ఫూ అనే పండితుడు హక్స్‌లీ పరిణామవాద గ్రంథాన్ని చైనీయ భాషలోకి తెచ్చాడు. జాతుల మధ్య మనుగడకై పోరాటమనే భావన విద్యావంతులను కదలించింది. విశ్వసమానత్వాన్ని కలగన్న కాంగ్ యూవై వంటి మహామేధావి సైతం, నల్లజాతి వారు క్రమంగా తెల్లబడి అంతరించాలని తలపోశాడు! తెల్లవాడు నిలిపిన నిచ్చెనను విరిచివేయాలని పలువురికి తోచలేదు; అందులో పై మెట్టు దక్కితే చాలుననుకొన్నారు.

ఆ నిచ్చెన నేటికీ పూర్తిగా కూలలేదు. 1933లో షాంఘైలో పుట్టిన ఒక పండ్లపేస్టుకు ‘డార్కీ’ అని పేరు, పెట్టె మీద నల్లవాని నవ్వుముఖం. 1989లో ఆంగ్ల నామం ‘డార్లీ’గా మారినా, ‘నల్లవాడు’ అనే చైనీయ నామం 2021 వరకు మార్పునకు నోచుకోలేదు. 1949 అనంతరం చైనా ప్రభుత్వం ఆఫ్రికాతో సౌహార్దం చాటింది, విద్యార్థులకు వేతనాలిచ్చి పిలిపించింది. అయినా 1988 డిసెంబరులో నాన్‌కింగ్ వీధులలో ఆ విద్యార్థుల మీదనే ఆగ్రహ ప్రదర్శనలు జరిగాయి. 2020 ఏప్రిల్‌లో మహమ్మారి భయంతో గ్వాంగ్‌జౌ నగరంలో అనేకమంది ఆఫ్రికావాసులను అద్దె ఇండ్ల నుండి వెళ్లగొట్టారు. ఒకనాడు తోట వాకిట నిలువరించబడిన వారి మనుమలు, మరొకరిని ఇంటి వాకిట నిలువరించారు.

దోషమంతా పడమటిదేనని మేము అనము. ఎండలో శ్రమించేవాని మేనిరంగును చిన్నచూపు చూడడం చైనాలో అంతకు పూర్వమే ఉన్నది. పాశ్చాత్యులు ఆ చిన్నచూపునకు శాస్త్రమనే ముసుగు తొడిగారు.

విద్యార్థి మిత్రులారా! చైనీయులను వేలెత్తి చూపే ముందు మన పెండ్లి ప్రకటనలను ఒకసారి చదువుదాము. వధువు చదువుకన్న ముందుగా ఆమె రంగును అడిగే సంప్రదాయం మనలో సమసిపోయిందా? మన నగరాలకు చదువుకై వచ్చిన ఆఫ్రికా సోదరునికి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనం అడిగే ప్రశ్నలేమిటి? అవమానం అనుభవించినంత మాత్రాన న్యాయబుద్ధి దానంతటది రాదు. దానిని అభ్యసించాలి. కళాశాలలున్నది అందుకేనని మా విశ్వాసం.