చౌమహల్లాలో పిల్లలతో ఒక పూట

హైదరాబాదు పాతబస్తీకి వచ్చి చార్మినారును పిల్లలకు చూపించని కుటుంబం అరుదు. దానికి కొద్ది దూరంలోనే ఉన్న చౌమహల్లా ప్రాసాదాన్ని మాత్రం చాలామంది బయటి గోడ చూసి దాటిపోతారు. మేమూ ఇన్నేళ్ళు అలాగే దాటిపోయాము. ఈ సెలవుల్లో పదేళ్ళ అమ్మాయినీ, ఆరేళ్ళ అబ్బాయినీ వెంటబెట్టుకొని ఒక శనివారం ఉదయమే అక్కడికి చేరుకున్నాము. శుక్రవారం ప్రాసాదానికి సెలవు. దూరం నుంచి వచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లో మా ఇంట ఒక చర్చ తెగకుండా సాగుతోంది. ఉన్న రెండు గదులపై మరో అంతస్తు వేయాలని కోరిక. చేతిలోని సొమ్ము చాలదు. వడ్డీకి అప్పు తేవడానికి మనసొప్పదు. పెద్దల మాటలు పిల్లల చెవిన పడుతూనే ఉన్నాయి.

చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. 1750లో సలాబత్ జంగ్ కాలాన ఆరంభమైన నిర్మాణం, అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, అంటే 1857–1869 మధ్య, పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ మహళ్ళు దక్షిణ ప్రాంగణంలో ఉన్నాయి. ఒకప్పుడు 45 ఎకరాలలో విస్తరించిన ఆవరణ నేడు 12 ఎకరాలకు తగ్గింది. మరమ్మతుల అనంతరం 2005లో సందర్శకులకు తెరిచారు; ఆ పరిరక్షణకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది.

ఖిల్వత్ ముబారక్ దర్బారులో అడుగు పెట్టగానే పిల్లల అల్లరి ఆగిపోయింది. పాలరాతి వేదిక, దానిపై నిజాముల ఆసనం, పైన బెల్జియం స్ఫటికపు షాండ్లియర్లు. అమ్మాయి వేలు చూపుతూ లెక్కించి, "పంతొమ్మిది" అని ప్రకటించింది. అబ్బాయి మా చెయ్యి లాగి అడిగాడు: "అబ్బా, వీళ్ళు కూడా అప్పు తెచ్చే కట్టారా?"

నవ్వు వచ్చింది గాని, జవాబు అంత తేలిక కాలేదు. "రైతులు కట్టిన శిస్తు రాజు ఖజానాకు వచ్చేది, నాయనా" అన్నాము. "ఆ రైతులు ఎప్పుడైనా లోపలికి వచ్చి చూశారా?" అని అమ్మాయి అందుకుంది. మేము మౌనంగా ఉండిపోయాము.

బయట నీటి కొలను, పచ్చిక, నీడ. పిల్లలు మనసారా పరుగెత్తారు. 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు దగ్గర నుంచి అబ్బాయిని కదిలించడం కష్టమైంది. ద్వారం మీది ఖిల్వత్ గడియారానికి నేటికీ వారం వారం కీ ఇస్తారని చెప్పినప్పుడు, "రాజులు లేకపోయినా ఆగలేదన్నమాట" అంది అమ్మాయి.

జుహర్ వేళకు నడిచి మక్కా మసీదుకు వెళ్ళాము. 1694లో పూర్తయిన ఈ మసీదులో ఒకే పంక్తిలో అత్తరు వ్యాపారి, రిక్షా కార్మికుడు, మేమూ భుజం భుజం ఆనించి నిలిచాము. నమాజు ముగిశాక ప్రాంగణంలోని సమాధుల వద్దకు పిల్లలను తీసుకువెళ్ళాము. రెండవ నిజాం మొదలు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వరకు పాలకులు ఇక్కడే ఉన్నారు. ఉదయం చూసిన మహళ్ళను పూర్తి చేసిన అఫ్జలుద్దౌలా కూడా వారిలో ఒకరు.

అబ్బాయి ఒక సమాధిని కళ్ళతో కొలిచి, "అంత పెద్ద ఇంటి వాళ్ళకు ఇంతే చోటా?" అన్నాడు. సమాధుల సందర్శనం పరలోకాన్ని స్మరింపజేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. ఎన్నోసార్లు విన్న ఆ బోధ ఆనాడు ఆరేళ్ళవాడి నోట మా ఇంటి చర్చలోకి వచ్చి నిలిచింది. పాలకుల కోసం దుఆ చేశాము. వారి మహళ్ళకు శిస్తు కట్టినవారి కోసం కూడా చేశాము.

ఆ రాత్రి మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితం మళ్ళీ తీశాము. పై అంతస్తును కొట్టివేసి, ఉన్న సొమ్ముతో ముందు వసారాకు రేకులు వేయించాలని నిర్ణయించుకున్నాము. అతిథి వస్తే కూర్చోవడానికి నీడ ఉంటుంది. మిగిలింది అల్లాహ్ ఎప్పుడు అనుగ్రహిస్తే అప్పుడే, ఇన్షా అల్లాహ్.