విప్పేద్దామా నాన్నా?

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి ఎనిమిదో పుట్టినరోజుకి లెగో ఓడ ఒకటి కొన్నాను. బిల్లు చూశాక మా ఆవిడ రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పిల్ల పేరు చెప్పి కట్టిందంతా నేనే లెండి. పుస్తకంలో ఎలా ఉంటే అలా, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా, ఇన్‌స్టలేషన్ గైడ్ ముందేసుకుని సర్వర్ సెటప్ చేసినట్టు. అయ్యాక టీవీ పైన అరలో పెట్టి "ముట్టుకోకు, ఊడిపోతుంది" అన్నాను. ఎనిమిది నెలలు అక్కడే ఉండి దుమ్ము పట్టింది.

వేసవి సెలవుల్లో ఓ ఆదివారం "విప్పేద్దామా నాన్నా?" అంది.

గుండె గుభేల్మంది. "అంత డబ్బు పోసి కొన్నది విప్పేస్తే ఎలాగమ్మా?"

"విప్పితే ముక్కలెక్కడికి పోతాయి?"

నా దగ్గర సమాధానం లేదు. నిజానికి ఆ బొమ్మ గొప్పంతా విప్పడంలోనే ఉందని తెలియక కాదు. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊళ్ళో ఓ వడ్రంగి 1932లో మొదలెట్టిన కంపెనీ అది. ఇప్పుడు మనం చూసే ఇటుకకి 1958లో పేటెంటు పెట్టారు. అప్పటి ముక్క ఇవాళ్టి ముక్కకి చక్కగా అతుక్కుంటుంది. (మనం ఆర్నెల్ల క్రితం రాసిన కోడు ఇవాళ కంపైల్ అయితేనే పండగ చేసుకుంటాం!) ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఇస్తే ఎన్ని రకాలుగా అతికించొచ్చు? కంపెనీ వాళ్ళు చాలాకాలం 10,29,81,500 అని చెప్పేవారు. అది ఆరంతస్తుల టవరుగా పేర్చితే వచ్చే లెక్క మాత్రమే. కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో సోరెన్ ఐలర్స్ అనే గణితం ప్రొఫెసర్ అన్ని రకాలూ కలిపి కంప్యూటర్‌తో లెక్కేయిస్తే 91,51,03,765 తేలింది. ఆరు ముక్కలకే! మా ఆఫీసులో ఓసారి ట్రైనరెవరో వచ్చి తలా గుప్పెడు లెగోలిచ్చి "మీ టీమ్‌ని కట్టి చూపించండి" అంటే, పన్నెండు మందిమీ టవర్లే కట్టాం. మేనేజర్‌ది కాస్త ఎత్తు.

ఇవే ముక్కలతో కొందరు చేసిన పనులు చూశాక నా ఓడ మీద నాకే సిగ్గేసింది. మిషెల్ గోండ్రీ 2002లో వైట్ స్ట్రైప్స్ వాళ్ళ పాట వీడియోని ఫ్రేము ఫ్రేముకీ లెగోలు పేర్చి తీశాడు. నేథన్ సవాయా అనే న్యూయార్క్ లాయరు 2004లో ఉద్యోగం మానేసి లెగో శిల్పాలు చేసుకుంటూ కూర్చున్నాడు. (మానెయ్యడం వరకూ మనమూ రోజూ అనుకుంటూనే ఉంటాం.)

వీళ్ళందరికన్నా నన్ను పట్టుకున్నది చైనా కళాకారుడు ఐ వేవే. 2023లో లండన్ డిజైన్ మ్యూజియంలో, మోనే తామరపూల చిత్రాన్ని దాదాపు ఆరున్నర లక్షల ఇటుకలతో 15 మీటర్ల పొడవున పెట్టాడు. నేను ఫోటోల్లోనే చూశాను. కుడివైపు ఓ నల్లటి మచ్చ ఉంటుంది. అది మోనే వేసింది కాదు. 1960లలో కవి అయిన తండ్రి ఐ చింగ్‌ని షిన్‌జియాంగ్‌కి వెళ్ళగొడితే, ఆ తండ్రీకొడుకులు తలదాచుకున్న చోటుంది కదా, నేలలో తవ్విన గుంతలాంటి ఇల్లు, దాని తలుపు అది. ఆ మచ్చే లేకపోతే ఎంత పెద్దదైనా అదీ నా ఓడలాంటిదే అయ్యేది.

సరే, విప్పాం. మధ్యాహ్నమంతా పట్టింది, గోళ్ళు నొప్పెట్టాయి. అమ్మాయి ఆ ముక్కలతో ఏదో కట్టింది, అదేమిటో దానికే తెలీదు. సాయంత్రం కరెంటు పోతే ఫోన్లో టార్చి వేసింది. గోడమీద నీడ పడింది. సైకిలు మీద ఓ మనిషి, వెనక క్యారేజీ మీద ఏదో మూట.

"తాతయ్యలా ఉందే" అనేశాను.

దానికి తాతయ్య తెలీదు, అది పుట్టకముందే పోయారు. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను ఏదో రిలీజ్ అని వేరే దేశంలో ఉన్నాను. ఆయన మాట కదిపితే చివరికి అక్కడికే వచ్చి ఆగుతుందని ఇంట్లో ఆ ఊసే ఎత్తను.

ఆ రోజు మాత్రం చెప్పాను. మా నాన్న పల్లెటూరి బళ్ళో మాస్టారు. ఓసారి జోరువానలో పరీక్ష పేపర్ల కట్టకి గొడుగు కప్పి కట్టి, తాను తడుస్తూ పది కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చారు.

"మరి జ్వరం రాలేదా?"

"వచ్చింది. జ్వరంతోనే దిద్దారు."

కాసేపు ఆలోచించి ఓ ఎర్ర ముక్క తీసింది. అది గొడుగట. మనిషి తలమీద కాకుండా, వెనక క్యారేజీ మీద పెట్టింది.

ఆ రాత్రి, కాలేజీ వదిలాక మళ్ళీ ఇన్నాళ్ళకి, కథ రాద్దామని కూర్చున్నాను. నాలుగు పేజీలయ్యాయి. ఆస్పత్రి దగ్గరికొచ్చి ఆగింది. ఓడ పుస్తకం మాత్రం మా ఆవిడ బీరువాలో దాచింది, ఎప్పటికైనా మళ్ళీ కట్టాల్సొస్తుందేమోనని.