కునాఫా, బేత్లెహేము బావి నీళ్లు



దేవుని కృపను బట్టి మేమిద్దరం దుబాయిలో తెలుగువారి కూడికలకు వెళ్లి వచ్చిన సంగతి మీకు తెలుసు. అక్కడ వాక్యం ఎంత పంచామో గాని, తిండి మాత్రం బాగానే తిన్నామని ఒప్పుకోవాలి. ఖర్జూరపు పాకం పోసిన లుకైమాత్ చూడటానికి మన బోండాల్లా ఉంటాయి. అంకాపూర్ దేశీ కోడి ముందు ఏదీ నిలవదనుకునే మేము, మందీ పళ్లెం ముందు కూర్చున్నాక ఆ మాటే మరిచిపోయాం.

ఒక కూడిక అయ్యాక అందరూ నవ్వుతూ మాట్లాడుతుంటే మేమూ ఒక మాట అనేశాం: "కునాఫా గురించి చాలా విన్నాం, అది కూడా తిని పోతే బాగుండు."

మరునాడు సాయంత్రం మన ఆర్మూరు దిక్కు తమ్ముడొకడు పెట్టె పట్టుకొని వచ్చాడు. సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటాడు, బిల్డింగ్ పని. పని దిగి, వేడి తగ్గకుండా ఒళ్లో పెట్టుకొని బస్సులో తెచ్చాడు. సన్నని సేమియా లాంటి పోగులు, మధ్యలో సాగే చీజ్, పైన చక్కెర పాకం, పిస్తా పలుకులు. "నువ్వూ తిను తమ్మీ" అంటే, "మీరు తినుండ్రి అయ్యగారూ, నేను మస్తుసార్లు తిన్న" అన్నాడు.

అతను వెళ్లాక, అతని రూములోనే ఉండే ఇంకో సహోదరుడు చెప్పాడు. మూడేళ్లలో అతను ఒక్కసారి కూడా దాన్ని కొనుక్కోలేదట. జీతం రాగానే అప్పుకు, ఇంటికి పంపేస్తాడట.

ఆ రాత్రి 2 సమూయేలు 23వ అధ్యాయం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. దావీదు బేత్లెహేము బావి నీళ్ల మీద ఆశపడి ఒక మాట అన్నాడు. ముగ్గురు పరాక్రమశాలురు ఫిలిష్తీయుల దండులోంచి దూసుకుపోయి ఆ నీళ్లు తెచ్చారు. దావీదు తాగలేదు. ఆ నీళ్లలో వాళ్ల ప్రాణాలు చూసి, దేవుని సన్నిధిలో పారబోశాడు. మేమైతే పెట్టె అడుగున పాకం కూడా వదల్లేదు.

రుచిగా తినడం పాపమని మేము చెప్పడం లేదు. తిండి దేవుడిచ్చిన దానమే. అయితే పాస్టర్ నోటి నుండి జారిన ఆశను ఎవరో ఒకరు తమ చెమటతో తీరుస్తారు. అది మేము మరిచాం.

తిరిగి వచ్చాక ఆ తమ్ముడి తల్లిని చూడబోయాం. పసుపు ఆరబోసిన కళ్లంలో ఉంది. "నా కొడుకు మంచిగ తింటున్నడా అయ్యగారూ?" అని అడిగింది. "తాను తినకుండా మాకు పెట్టాడమ్మా" అని నిజమే చెప్పాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని, "చిన్నప్పటి సంది గంతే" అంది. వచ్చేటప్పుడు సంచిలో పసుపు కొమ్ములు పోసి ఇచ్చింది. కాదంటే నొచ్చుకుంటుందని తీసుకున్నాం. కానీ ఇంట్లోకి తీసుకుపోలేదు. ఆదివారం కానుకల బల్ల మీద పెట్టాం.

ప్రియులారా, గల్ఫ్ నుండి మీ ఇంటికి ఖర్జూరాలు, చాక్లెట్లు వచ్చినప్పుడు సంతోషంగా తినండి. తినే ముందు ఒక్క ఫోన్ చేసి, పంపినవాడు ఈరోజు ఏం తిన్నాడో అడగండి. తర్వాత అతని కోసం ప్రార్థన చేయండి.

ప్రభువు మిమ్మును, దూరదేశములో ఉన్న మీ వారిని కాపాడును గాక. ఆమేన్.