చిత్రపూరణమా? చిత్రపరిష్కరణమా?

కొత్త వస్తువేదైనా ఇంటికి వస్తే దానికి తెలుగులో పేరు వెతకనిదే నిద్రపట్టకపోవడం తెలుగు పండితుల వృత్తిరోగం. ఉద్యోగవిరమణతో జీతం తగ్గింది గాని నాకీ రోగం తగ్గలేదు. ఈసారి నన్ను పట్టుకున్న మాట ‘అప్‌స్కేలింగ్’. మా మనుమడి చేతి ఆటపెట్టెతో పాటు ఇంట్లో అడుగుపెట్టింది. కృత్రిమ మేధ సాయంతో చిన్న బొమ్మను పెద్ద బొమ్మగా, మసక బొమ్మను తేట బొమ్మగా మార్చే విద్య ఇది. ‘పెంపు’ అందామంటే బుడగ ఊదినట్లున్నది. ‘విస్తరణ’ అంటే రోడ్లు గుర్తుకు వస్తాయి. అవధానాల అలవాటు కొద్దీ ‘పూరణం’ అందామనుకున్నాను. అయితే లోపల జరుగుతున్నదేమిటో తెలియకుండా నామకరణం చేయకూడదు గదా! అందుకని కొన్ని వారాలు దీనిమీదనే కూర్చున్నాను. బ్లాగ్మిత్రులలో సంగణక నిపుణులు చాలామంది ఉన్నారు. తెలిసిన సంగతే చెబుతున్నాడీ మాస్టారని విసుక్కోకుండా చదవవలసిందిగా మనవి.

తెరమీద బొమ్మ అంటే చుక్కల ముగ్గు. 1989లో జపానులో నింటెండో సంస్థ విడుదల చేసిన గేమ్‌బాయ్ తెరకు అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, మొత్తం 23,040. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. 2017లో అదే సంస్థ తెచ్చిన స్విచ్ తెరలో చుక్కలు 9,21,600. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 చేతితెరలో 20,73,600. దానిని టీవీకి తగిలిస్తే 4కె వరకు, అనగా 82,94,400 చుక్కల వరకు పోతుంది. వెలుగెక్కడ, నీడెక్కడ, నీటిలో ప్రతిబింబమెక్కడ అని లెక్కకట్టి ఈ చుక్కలన్నింటికీ రంగు నిర్ణయించాలి. ఆ పని సెకనుకు ముప్ఫైసార్లో అరవైసార్లో జరగాలి. గోడ ప్లగ్గుకు తగిలించిన పెద్ద పెట్టెకు ఇది కష్టం కాదు. చేతిలో పట్టుకునే పెట్టెకు ఉన్నది చిన్న బ్యాటరీ. లెక్క పెరిగిన కొద్దీ అది కరిగిపోతుంది, అరచేయి కాలుతుంది.

ఇక్కడే అప్‌స్కేలింగ్ ఆదుకుంటుంది. తెరకు కావలసినవి 1920 × 1080 చుక్కలైతే ఆట 960 × 540 మాత్రమే గీస్తుంది. అంటే నాలుగో వంతు. మిగిలిన మూడు వంతులను మేధ నింపుతుంది. “తాతయ్యా, నువ్వు చూసేవాటిలో చాలా చుక్కలు ఆట గీసినవి కావు, తెలుసా?” అని మనుమడు గొప్పగా చెప్పాడు. మరి ఆ ముప్పాతిక ఎక్కడినుంచి వచ్చినట్లు? ఊహించిందా, సేకరించిందా? పేరు పెట్టవలసినవానికి అసలు ప్రశ్న ఇదే.

ఎన్విడియా సంస్థ 2018లో డీఎల్ఎస్ఎస్ అనే పేరుతో ఈ విద్యను ప్రకటించింది. 2019లో ఆటలలోకి వచ్చిన మొదటి తరంలో ఒక్కొక్క ఆటకు విడివిడిగా నాడీజాలానికి శిక్షణ ఇవ్వవలసివచ్చేది. బొమ్మ మసకబారుతున్నదని ఆటగాళ్ళు పెదవి విరిచారు. 2020 మార్చిలో వచ్చిన రెండవ తరం దారి మార్చింది. ప్రతి ఫ్రేములోనూ ఆట తన చూపును ఒక చుక్క వెడల్పుకన్నా తక్కువగా, వెంట్రుకవాసి పక్కకు జరిపి గీస్తుంది. కనుక ఈ ఫ్రేములో చిక్కని వివరం తరువాతి ఫ్రేములో చిక్కుతుంది. ఏ వస్తువు ఎటు ఎంత కదిలిందో చెప్పే సదిశలనూ, ఏది ఎంత దూరాన ఉన్నదో చెప్పే లోతు లెక్కలనూ ఆటే అందిస్తుంది. పాత ఫ్రేములలోని వివరాలను వాటి ఆధారంగా నేటి స్థానానికి తెచ్చి, దేనిని నిలుపుకోవాలో, దేనిని విడిచిపెట్టాలో మేధ తేలుస్తుంది. అత్యంత సూక్ష్మంగా గీసిన మేలుబొమ్మలతో పోల్చుకుంటూ అది ఈ వివేకం నేర్చుకున్నది.

ఇది చదివినప్పుడు నాకు సి.పి. బ్రౌన్ గుర్తుకు వచ్చాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, జీతమిచ్చి పెట్టుకున్న పండితులచేత వాటిని సరిపోల్పించి, శుద్ధప్రతులు తయారుచేయించినవాడు ఆయన. ఒక ప్రతిలో చెదలు తిన్న అక్షరం మరొక ప్రతిలో భద్రంగా ఉంటుంది. ఒక లేఖకుడు జారవిడిచిన పాదాన్ని మరొకడు పట్టుకుంటాడు. పది శిథిలప్రతులనుండి ఒక మంచి ప్రతి పుడుతుంది. దానిలో పండితుని తీర్పు ఉన్నది గాని కల్పన స్వల్పం. దీనిని మనం పూరణమనము, పరిష్కరణమంటాము. డీఎల్ఎస్ఎస్ రెండవ తరం చేసేది చాలావరకు ఇదే.

ఆధారమొక్కటే ఉన్నప్పుడు కథ వేరు. మా అమ్మ ఫోటో మా ఇంట్లో ఒక్కటే మిగిలింది, అదీ మాసిపోయింది. మా తమ్ముడు ముచ్చటపడి ఒక స్టూడియోలో ఇచ్చి కృత్రిమ మేధతో పెద్దది చేయించాడు. పట్టుచీర అంచు మెరుస్తున్నది, జుట్టు పాయలు లెక్కపెట్టవచ్చు. కాని మా అమ్మకు ఎడమకన్ను కాస్త మెల్ల. ఆమె పిలిస్తే ఎవరివైపు చూస్తున్నదో తెలియక అన్నదమ్ములమిద్దరమూ ‘ఆఁ’ అని పలికేవాళ్ళం. కొత్త పటంలో రెండు కళ్ళూ తిన్నగా ఉన్నాయి. లక్షల ముఖాలు చూసిన యంత్రానికి ఆ మెల్ల మరకగా తోచి ఉంటుంది. పటంలో ఉన్నది చక్కని స్త్రీయే, మా అమ్మ మాత్రం కాదు. తమ్ముడు నొచ్చుకుంటాడని పటం గోడకు తగిలించాను. పాత ఫోటో నా నిఘంటువులో దాచుకున్నాను.

ఆటపెట్టెలోనూ ఆధారం కరువైనచోట ఇదే చిక్కు. ఒక మనిషి పక్కకు తొలగగానే అతని వెనుక కొత్తగా బయటపడిన గోడకు పాత ఫ్రేములలో సాక్ష్యం లేదు. పొగ, వాన, నిప్పురవ్వల వంటివాటికి కదలిక సదిశలు సరిగా అందకపోతే వాటి వెనుక మసకతోకలు సాగుతాయి. సన్నని తీగలు మిణుకుమంటాయి. సెకనుకు ఫ్రేములు తగ్గితే పక్కపక్క ఫ్రేముల నడుమ తేడా పెరిగి సాక్ష్యం బలహీనపడుతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటున్నది. సంభాషణలు, అంకెలు, పట్టికలు మొదలైన అక్షరాలను సాధారణంగా ఈ పెంపకమంతా ముగిసిన తరువాత పూర్తి పరిమాణంలో విడిగా గీస్తారు. అక్షరాన్ని ఊహకు వదలకూడదన్న ఇంగితం ఆటలు కట్టేవారికి ఉన్నందుకు పండితునిగా సంతోషించాను.

చేతిపెట్టెకు ఈ విద్య పెద్ద పెట్టెకన్నా ఎక్కువ అక్కరకు వస్తుందని నా నమ్మకం. తెర చిన్నది కనుక చిన్న లోపాలు కంటికి ఆనవు. తగ్గిన లెక్క తగ్గిన వేడిగా, మిగిలిన బ్యాటరీగా మారగలదు. ఉచితంగా మాత్రం రాదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్కదానికి దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు, నాడీజాలం తన పనికి అందులోనే వాటా అడుగుతుంది. చిన్న చిప్పులో ఆ వాటా బరువే. స్విచ్ 2లో ఇందుకు ప్రత్యేకమైన టెన్సర్ కోర్లు ఉన్నాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో అటువంటివి లేవు. అందులో వాడుతూ వచ్చిన ఏఎండీ వారి ఎఫ్‌ఎస్‌ఆర్ మొదటి తరాలు నాడీజాలం లేని గణితసూత్రాలు. ఏఎండీ కూడా 2025లో తెచ్చిన నాలుగవ తరంలో మేధబాట పట్టింది.

నా దిగులల్లా ఈ మిగులును ఎవరు తింటారన్నదే. గేమ్‌బాయ్‌ను రూపొందించిన గున్‌పే యొకోయ్ అనే జపాను మేధావి, బాగా నలిగి చవకైన పాత సాంకేతికతను కొత్త రీతిలో వాడాలనేవాడు. ఆ పెట్టె నాలుగు పెన్సిల్ సెల్లులతో పది గంటలకు పైగా ఆడేది. 2017 నాటి స్విచ్‌కు నింటెండో చెప్పిన లెక్క రెండున్నర నుండి ఆరున్నర గంటలు. స్విచ్ 2కు చెప్పినది రెండు నుండి ఆరున్నర గంటలు. బ్యాటరీ పెద్దదైంది, చిప్పు మారింది, మేధ వచ్చింది. ఆడుకునే పొద్దు మాత్రం పెరగలేదు. పొదుపైనదంతా హంగుకే ఖర్చయింది. ఎంత పంట పండినా గాదె ఖాళీగానే ఉండే ఇంటి తీరిది. హంగు కొంత తగ్గించుకొని మరో రెండు గంటలు ఎక్కువ ఆడుకొనే ఎంపికను ప్రతి ఆటలోనూ పిల్లవాని చేతికే ఇస్తే ఎంత బాగుండును!

ఇక పేరు సంగతి. అనేక ఫ్రేముల సాక్ష్యంతో తేల్చే విద్యకు ‘చిత్రపరిష్కరణం’, ఒంటిబొమ్మలో లేనిదానిని ఊహించి నింపే విద్యకు ‘చిత్రపూరణం’ అని నా ప్రతిపాదన. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే, తేటగా కనిపించేదల్లా నిజమేనని పిల్లలు అనుకునే ప్రమాదమున్నది. ఆటలో అయితే పోయేదేమీ లేదు, అదెలాగూ కల్పితలోకమే. ఇళ్ళలోని పటాలకు, శాసనాలకు, పాతప్రతులకు ఇదే విద్య చేరుతున్నప్పుడు తేడా తెలియాలి. మా మనుమడికి రెండు మాటలూ నేర్పాను. ‘పరిష్కరణం’ పలకడం కష్టమని వాడి ఫిర్యాదు. ఇంతకన్న తేలిక మాట తోచినవారు దయచేసి వ్యాఖ్యలో సూచించగలరు.

స్వస్తి.