అనంతగిరి కనుమదారిలో మాటల హెల్మెట్టు

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటువరకు దారి చదునుగానే యుండును. పిమ్మట మలుపుమీద మలుపుగా త్రోవ కొండ కెక్కును. టైడా, అనంతగిరి, గాలికొండ - పైకి బోయినకొలది చలి హెచ్చును. సిల్వరోకు చెట్లను మిరియపుతీగెలు పెనవేసికొనగా, వాని నీడను కాఫీతోటలు పెరుగుచుండును. ఈ కనుమదారిని మేము సంక్రాంతి సెలవులలో మోటారుసైకిలుపై బోయితిమి. నడపినవారు మావారు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను ననుసరించి వెనుక కూర్చుండువారును హెల్మెట్టు ధరింపవలెను. అది ప్రాణరక్షకమే. కాని దానిలో, గాలిహోరులో, ఒకరిమాట యొకరికి వినబడదు. భుజము తట్టినచో నడుపువారు తల త్రిప్పుదురు. కొండమలుపున ఆ క్షణమే అపాయము. అందుచే స్త్రీలు భయము కలిగినను, తల తిరిగినను, పండ్లు బిగబట్టి యూరకుందురు. గరుడునిపై కృష్ణునితో యుద్ధమున కేగిన సత్యభామ కీ చిక్కు లేదు, మనకు గలదు.

కావున బయలుదేరుటకు ముందు రెండు హెల్మెట్లలోను బ్లూటూత్ హెడ్‌సెట్టు అమర్చుకొంటిమి. పని కష్టమైనది కాదు. చెంపలకడనుండు మెత్తలను ఊడదీసినచో లోపల థర్మోకోలు, అందు చెవులకు గుంటలు కనబడును. పలుచని స్పీకరులను ఆ గుంటలలో, సరిగా చెవికెదురుగా, వెల్క్రోతో అంటింపవలెను. గుంట చాలదని థర్మోకోలును కోయరాదు. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి తలను గాచునది అదియే. గుంటలున్న హెల్మెట్టునే కొనుట మేలు. పైడొప్పకు రంధ్రము వేయుటయు తగదు. ముఖమంతయు మూయు హెల్మెట్టైనచో మైకును గడ్డముకడ లోపల అంటింపవలెను. తీగెలను మెత్తల క్రింద దాచవలెను. మీటలపెట్టె ఎడమప్రక్క నుండవలెను; కుడిచేయి యాక్సిలరేటరును విడువరాదు గదా! జూకాలు చెవిని నొక్కును గాన తీసివేయుటయు, కొప్పునకు బదులు మెడక్రిందుగా జడ వేసికొనుటయు సుఖము.

అనంతగిరి దాటునప్పటికి మంచు క్రమ్మి, ముందు లారీ వెనుకదీపము మాత్రమే కానవచ్చెను. మలుపులకు మాకు తల తిరుగ నారంభించెను. "ఏమండీ, కాస్త ఆపండి" అని మెల్లగా ననినంతనే, వారు తల త్రిప్పకయే "ఆ మలుపు దాటనీ" అని బదులు పలికి, దారి వెడల్పైనచోట బండి నిలిపిరి. కేకయు, కంగారును లేవు. వేడి కాఫీ త్రాగి, తేరుకొని, మరల సాగితిమి.

సోదరీమణులారా, ఈ సాధనము ముచ్చట్లకు గాదు. లారీల హారను వినబడునట్లు ధ్వనిని తగ్గించి యుంచవలెను. కనుమలో పాటలు వినరాదు; గట్టిమలుపున ఇరువురును మౌనముగా నుండవలెను. అయినను వెనుక కూర్చున్నవారికిని ఆపుమని చెప్పు హక్కు గలదు. ఆ మాట చేరవలసిన చెవికి, చేరవలసిన వేళ, చేరుటయే ముఖ్యము.